ఆరో చింతగింజ

ఇప్పుడు నా వాకిట్లో ముగ్గు పొద్దు పొడవకముందే పూర్తవుతుంది. ఇంతకుముందు పదహారేళ్లలో అది ఒక్కనాడూ పూర్తి కాలేదు. ఎందుకంటే నా ముగ్గు చుక్కల మీద చింతగింజలు పెట్టి అటూ ఇటూ జరపకుండా, హాకీ జట్టులో ముందు వరుసన ఎవరు ఆడాలో తేల్చుకోవడం మా ఇంటాయనకు చేతకాదు.

భర్త పేరు చెప్పకూడదంటారు. నేను దాస్తే మాత్రం బోధన్‌లో ఆ పేరు దాగుతుందా? చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాటా దగ్గర ఆయన పని. సాయంత్రమైతే ఫ్యాక్టరీ జట్టుకు కెప్టెన్. నడిమధ్య నిలబడి గోలు కొట్టేవాడు కనుక ఊరందరికీ సెంటర్ ఆత్మారాం. నేను చదివింది రెండో తరగతి. హాకీ ఆట ఒక్కసారి కూడా చూడలేదు. అయినా లెఫ్ట్ ఔట్, లెఫ్ట్ ఇన్, సెంటర్, రైట్ ఇన్, రైట్ ఔట్ అని ముందు వరుస ఐదు జాగాలూ నాకు వారాల పేర్లలా వచ్చు. అంతా నా ముగ్గు మీద నేర్చుకున్న చదువే.

పేడనీళ్ల సానిపి చల్లి, ఐదు వరుసల చుక్కలు పెట్టి, గీత మొదలుపెట్టేసరికి నోట్లో వేపపుల్లతో వచ్చి గొంతుక్కూర్చునేవాడు.

“ఆగు గోదావరీ! గా చుక్క కలపకు. ఆడ సిద్దిరాములున్నడు.”

“సిద్దిరాములుకు ఇంకో జాగ దొరకలేదా అయ్యా? వాకిలి ఆరిపోతున్నది.”

“ఒక్క నిమిషం. వీణ్ని జర ఎడమకు తెస్త.”

ఆ ఒక్క నిమిషం ఫ్యాక్టరీ సైరన్ కూసేదాకా సాగేది. సైరన్ కూయగానే గింజలు జేబులో వేసుకుని ఉరికేవాడు. ఎండెక్కిన వాకిట్లో ముగ్గు సగంలో ఉండేది. వీధిలో మా ఇంటికి సగం ముగ్గు ఇల్లు అనే పేరు పడిపోయింది. పోస్టుమ్యాన్ కూడా ఆ పేరుతోనే అడిగి వచ్చేవాడు.

ఒకనాడు పక్కింటి భూమవ్వ మేక వచ్చి ముగ్గు తొక్కింది. రైట్ ఔట్ దగ్గరున్న గింజ ఎగిరి మోరీలో పడింది. అది నర్సింలు గింజ. సంగతి ఎట్లా పాకిందో, మధ్యాహ్నానికి నర్సింలు మా గడపలో ఉన్నాడు.

“వదినె, నన్ను మోరీలకెల్లి తీసిండ్రా?”

“తీసి కడిగిన బిడ్డా, పో.”

“మల్ల అదే జాగల పెట్టిండ్రా?”

నవ్వుకునేదాన్ని కానీ వాళ్లకది నవ్వులాట కాదు. వెనక ఆడేవాళ్లంతా పర్మినెంటు మనుషులు, పొట్టలు వచ్చినవాళ్లు. ఉరికే పని పడుచువాళ్లది. ఆ పడుచువాళ్లంతా సీజన్ కూలీలు. చెరుకు ఆడినన్ని నెలలే వాళ్లకు పని. ఎండాకాలం మొదట్లో నిజామాబాద్‌లో టోర్నమెంటు జరిగేది. అందులో ఆడినవాళ్లను వానాకాలం కూడా పనిలో ఉంచుకునేవారు. ఆడనివాడు మూట కట్టుకుని ఊరికి పోవాల్సిందే.

అందుకేనేమో, గింజలు జరిపేటప్పుడు మా ఆయన అడిగే ప్రశ్నలు వింతగా ఉండేవి. నేను అరుగు మీద ఆడవాళ్లతో కూర్చుని బీడీలు చుట్టేదాన్ని కనుక అందరి ఇళ్ల కబుర్లూ నా దగ్గర ఉండేవి.

“వెంకటి పెండ్లాంకు ఎన్నో నెల?”

“ఏడు.”

వెంకటి గింజ ఒక చుక్క ముందుకు వచ్చేది.

“ముత్తన్న బావిల నీళ్లున్నయా?”

“ఎండింది. అయినా హాకీకీ ముత్తన్న బావికీ ఏం సంబంధమయ్యా?”

“బావి ఎండినోడు గట్టిగ ఉరుకుతడే!”

మొగవాడికి ఇన్ని ఇళ్ల ముచ్చట్లు ఎందుకని ముఖం మీదే అనేదాన్ని. ఆయన వేపపుల్ల నములుతూ తల ఊపేవాడు.

అరవై ఐదులో వర్ని నుంచి లింగం వచ్చాడు. సన్నగా, బెదురుగా ఉండేవాడు. ఉరికితే మాత్రం గాలి. అప్పటిదాకా నర్సింలు, వెంకటి, ముత్తన్న, సిద్దిరాములు, మా ఆయన, ఐదుకు ఐదు సరిపోయేవి. ఇప్పుడు గింజలు ఆరయ్యాయి. జాగాలు ఐదే. తన గింజ తెలియడానికి మా ఆయన దాన్ని ఒక పక్క బండకు రాసి తెల్లగా చేసుకున్నాడు.

ఆ ఏడు ముగ్గు సగం కూడా కాలేదు. పదిహేను రోజులు ఆ ఆరింటినీ జరిపాడు. నర్సింలుకు ఇద్దరు ఆడపిల్లలు. వెంకటి ఇంట్లో పురుడు. ముత్తన్నకు బావి. సిద్దిరాములు తల్లికి కళ్లు కనపడవు. లింగానికి ఉన్నదంతా ఒక మూట, ఒక చద్దరు.

“ఎవడో ఒకణ్ని తియ్యరాదూ? నా ముగ్గు ఖరాబవుతున్నది” అన్నాను.

“తీస్త, తీస్త” అన్నాడు.

పదహారో రోజు తెల్లారేసరికి మోకాలు పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. “ఓ అవ్వో, పట్టేసింది!” పసుపు, సున్నం కలిపి వేడివేడిగా పట్టు వేశాను. ఆ మోకాలితో ఆడలేనని, పేర్లు రాసిన కాగితం గేటు దగ్గర గోడకు అంటించి వచ్చాడు.

సాయంత్రానికి లింగం లేడు. చద్దరు కూడా లేదు. అతనికి చదువు రాదు. గేటు మనిషిని చదవమన్నాడట. ఆ మనిషి “లింగం, లెఫ్ట్ ఔట్” అని చదివాడట. మైదానంలో అతనికి “ఎడమకు ఉరుకు” అన్న మాట తప్ప జాగా పేరు ఎవరూ చెప్పలేదు. ఔట్ అనగానే ముఖం తుడుచుకుని వర్ని దారి పట్టాడు.

మా ఆయన పసుపు పట్టుతోనే సైకిలెక్కాడు.

“మోకాలయ్యా!” అని అరిచాను.

“సైకిల్‌కు మోకాలుంటదానే?” అంటూ పోయాడు.

అది మొదలు ప్రతి ఏడూ టోర్నమెంటు ముందు ఆ మోకాలు పట్టేసేది. ధర్పల్లి నుంచి మా అన్న పంపిన పసుపంతా దానికే పెట్టాను. ఒకసారి అడిగాను, “పోయినేడు ఎడమ మోకాలు గదా?” అని.

“గది ఈ ఏడు సెలవుల ఉన్నది” అన్నాడు.

ఆ రోజుల్లో ఆయన అంగీ ఉతికితే జేబులో ఎప్పుడూ ఒక చింతగింజ దొరికేది. తిట్టుకుంటూ పోపుల డబ్బాలో వేసేదాన్ని, ఆయన మళ్లీ తీసుకునేవాడు. ఒక పక్క తెల్లగా ఉండేది. ఆ తెలుపేమిటో నేను ఒక్కసారీ ఆలోచించలేదు.

పోయిన వానాకాలంలో ఆయన పోయాడు. నా ముగ్గు పూర్తవుతోంది.

ఇవాళ పొద్దున చుక్కలు పెడుతుంటే లింగం వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఇప్పుడు అతనే కెప్టెన్, పర్మినెంటు మనిషి, కొంచెం పొట్ట కూడా. తడబడుతూ మొదలుపెట్టాడు.

“వదినె, ఆ దినం అన్న నన్ను కాలువ కట్ట మీద పట్టుకున్నడు. ‘అరే లింగం, లెఫ్ట్ ఔట్ అంటే ఔట్ కాదురా, లోపలే’ అన్నడు. ‘మరి లెఫ్ట్ ఇన్ అంటేనన్నా?’ అన్న. ‘అది గూడ లోపలే.’ ‘మరి బయట ఎవరున్నరన్నా?’ అన్న.”

“ఏమన్నడు?”

“‘నేనున్న’ అన్నడు. ‘నాకు పర్మినెంటు పని ఉన్నది, ఆడకుంటే ఏం పోతది? మీ వదినెకు చెప్పకు, మోకాలుకు మంచిగ పసుపు రాస్తున్నది’ అన్నడు.”

నవ్వు ఆగలేదు. ఆయన పోయాక వాకిట్లో నేను నవ్వడం అదే మొదలు. భూమవ్వ గోడ మీంచి తొంగి చూసింది. చూడనీ అనుకున్నాను. ఏడేళ్ల పసుపు! నొప్పి లేని మోకాలికి ఎంత సేవ చేయించుకున్నాడు ఆ మహానుభావుడు!

లింగం జేబులోంచి రెండు చింతగింజలు తీశాడు.

“ఒక్క జాగ ఖాళీ ఉన్నది వదినె. కోటగిరోడు ఒకడు, ఈ ఊరోడు ఒకడు. ఇద్దరూ మంచిగ ఆడుతరు. నువ్వే చెప్పాలె.”

“ఆటంటే నాకేం ఎరుక బిడ్డా?”

“నిన్ను అడుగకుంట అన్న ఒక్క కాగితం గూడ గోడకు పెట్టలే. ‘జట్టును ఏసేది గోదావరి, నేను గింజలు జరిపేటోణ్ని’ అంటుండె.”

ముగ్గుబుర్ర కింద పెట్టాను. బావి ఎండినవాడు గట్టిగా ఉరుకుతాడని నాకెప్పుడో చెప్పి పెట్టాడు కదా.

“కోటగిరోని ఇంట్ల ఎవరెవరున్నరు?” అని అడిగాను.

లింగం చెబుతుంటే లోపలికి పోయి పోపుల డబ్బా వెతికాను. తెల్ల గింజ అడుగున, ఆవాలలో ఉంది. తెచ్చి నడిమి చుక్క మీద పెట్టాను. ఫ్యాక్టరీ సైరన్ కూసింది. లింగం లేచి ఉరికాడు.

వాకిలి ఆరిపోయింది. భూమవ్వ గోడ మీంచి అడిగింది, “గోదావరీ, ముగ్గు సగంల ఇడిసిపెట్టినవేందే?”

“గా చుక్క మీద మనిషున్నడు” అని లోపలికి వచ్చేశాను.