బజారు ఉండ్రాళ్ళు

ఈ ఏడు వినాయక చవితి మా ఇంటికి అట్టపెట్టెలో వచ్చింది. విప్పి చూస్తే లోపల మూతలు బిగించిన ప్లాస్టిక్ డబ్బాలు. ఒకదాన్లో పులిహోర, ఒకదాన్లో పూర్ణం బూరెలు, ఇంకోదాన్లో పాలతాలికలు, అన్నిటికీ అడుగున ఉండ్రాళ్ళు. పులిహోర డబ్బా మూత తియ్యగానే ముందు వేడెక్కిన ప్లాస్టిక్కు వాసన, దాని వెనకాల బిడియపడుతూ కాస్త ఇంగువ వాసన వచ్చాయి. పక్కన కుర్చీలో అమ్మ కూర్చుని ఉంది. ఇంటికి బజారు వంట రావడం కొత్తేం కాదు గానీ, చవితి నాడు ఆ డబ్బాల్ని చూసినప్పుడల్లా నా చెయ్యి మూత మీదే ఆగిపోతుంది. ఎందుకంటే ఇలాంటి వంట మా ఇంటి గడప మొదటిసారి తొక్కిన పూట నేనక్కడే ఉన్నాను.

అప్పుడు మేం సీతమ్మధారలో ఓ డాబా ఇంటి కింద వాటాలో ఉండేవాళ్ళం. నాన్నకి పోర్టులో ఉద్యోగం వస్తే కోనసీమ నుంచి పెట్టే బేడా సర్దుకుని వచ్చిన కుటుంబం మాది. నాన్నతో పాటు నాయనమ్మా వచ్చింది, నాయనమ్మతో పాటు ఆవిడ మడీ వచ్చింది. పండగ ముందురోజే మడిబట్ట ఉతికి, వంటింటి పక్క గదిలో ఎవరికీ చెయ్యందనంత ఎత్తున కట్టిన దండెం మీద కర్రతో ఆరేసేది. తెల్లారగట్ల తలస్నానం చేసి, తడి జుట్టుకి ముడి వేసుకుని, అదే కర్రతో ఆ బట్ట దించుకుని కట్టుకుందంటే, ఇక భోజనాలయ్యేదాకా ఆవిడ మా ఇంట్లో ఉన్నా మా మనిషి కాదు. పొరపాట్న పిల్లలెవరైనా తగిలామా, మళ్ళీ స్నానం, దాంతో పాటు మాకు అక్షింతలు.

భాద్రపదంలో మా ఊరికి ముసురు పడితే కొండ మీంచి మబ్బు దిగి ఇళ్ళ మధ్య తిరిగేది. గాలి అటు నుంచి వీస్తే పోర్టులో ఓడ కూత కూడా వినిపించేది. ఆ తడిలో పిల్లలం ఖాళీ స్థలాల వెంట ఉమ్మెత్త, రేగు, మారేడు, గన్నేరు, పేరు తెలిసినవీ తెలియనివీ అన్నీ పత్రి పేరుతో తెంపుకుని, మోకాళ్ళదాకా బురదతో ఇల్లు చేరేసరికి, వీధి మలుపులోనే మా వంటింటి వాసన ఎదురొచ్చేది. ఆవిరి మీద ఉడికే బియ్యపు రవ్వ వాసన, నేతిలో వేగే జీడిపప్పు వాసన, పాలల్లో కరిగే బెల్లం వాసన, అన్నిటి మీదా పెత్తనం చేస్తూ పులిహోర పోపు వాసన. ఆకలి మాట అటుంచి, ఆ వాసనకి నడుస్తున్నవాళ్ళం పరిగెత్తేవాళ్ళం.

దేవుడికి పెట్టకుండా ఎంగిలి చెయ్యకూడదు కనక, నాయనమ్మ వంటలో ఉప్పుని ముక్కుతో చూసేది. గిన్నె మీదికి కొంచెం వంగి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి గాలి పీల్చి, ‘‘ఉప్పు చాల్లేదు’’ అనేది. ఇంత వేసి కలిపేది. ఆ తరవాత వంక పెట్టగలిగిన మొనగాడు మా వంశంలో పుట్టలేదు. ఉప్పుకి వాసన ఉంటుందా అని మా సైన్సు మాస్టారిని అడిగితే ఆయన ముక్కున వేలేసుకుని, ‘‘మీ నాయనమ్మకే తెలియాలి’’ అన్నారు.

మరి అమ్మ ఎక్కడుండేది? గడప ఇవతల. పండగ నాడు అమ్మ కొబ్బరి కోరాలి, శనగపప్పు ఏరాలి, ఆకులు తుడవాలి, అన్నీ తెచ్చి వంటింటి గడప దగ్గర కింద పెట్టాలి. నాయనమ్మ తీసుకుంటుంది. పొయ్యి మాత్రం ఆవిడది. మామూలు రోజుల్లో ఇంటిల్లిపాదికీ వండిపెట్టే మనిషి, పండగ నాడు అలా గడపకి ఆనుకుని, నాయనమ్మ చేతులకేసే చూస్తూ నిలబడేది. ఎవరైనా చుట్టాలావిడ ‘‘కోడలికి అప్పగించెయ్యరాదూ’’ అంటే, నాయనమ్మ ‘‘చూద్దాం, చెయ్యి తిరగాలి కదా’’ అనేది. అమ్మ నవ్వేది. ఆ నవ్వులో ఏముందో నాకప్పుడు తెలీదు గానీ, ఏదో ఉందని మాత్రం తెలుసు.

నేను ఏడో తరగతిలో ఉండగా, చవితికి కొద్ది రోజుల ముందు నాయనమ్మకి కంటి శుక్లాలు తీశారు. పొయ్యి దగ్గరికి పోకూడదు, తలస్నానం చెయ్యకూడదు అని డాక్టరు గట్టిగా చెప్పారు. అందరం అయ్యో అన్నాం. అమ్మ కూడా అంది పాపం. కానీ పండగ ముందురోజు అమ్మ కొత్త నూలు చీరొకటి ఉతికి, స్టూలెక్కి, ఆ దండెం మీద కర్రతో ఆరేస్తూ కూనిరాగం తీసింది. ఆ ఇంట్లో అమ్మ పాడగా వినడం నాకదే మొదలు.

మర్నాడు తెల్లారేసరికి అమ్మ తలస్నానం చేసి, మడి కట్టుకుని వంటింటి గడప దగ్గరికొచ్చింది. నాయనమ్మ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని హాల్లో పడక్కుర్చీలో కూర్చుని ఉంది. ‘‘వెలిగించనా అత్తయ్యా?’’ అని అడిగింది అమ్మ. నాయనమ్మ నాన్నని పిలిచింది.

‘‘ఒరేయ్, మద్దిలపాలెంలో ఎవరో పండగ భోజనం అమ్ముతున్నార్ట కదా. వెళ్ళి పట్రా.’’

పిడుగు పడ్డా అంత అదిరిపోయేవాళ్ళం కాదు. కర్రీ పాయింట్లని అప్పుడప్పుడే ఊళ్ళో మొదలవుతున్నాయి. బజారు కాఫీ చుక్క నోట్లో పోసుకోని నాయనమ్మ, బస్సు ప్రయాణానిక్కూడా ఇంటి మంచినీళ్ళు కూజాలో పట్టుకొచ్చే నాయనమ్మ, ఆ మాటంది! నాన్న చొక్కా గుండీ పెట్టుకుంటున్నవాడల్లా ఆగిపోయి, ‘‘దేవుడికా అమ్మా?’’ అన్నాడు. ‘‘దేవుడికే’’ అంది ఆవిడ.

నేను అమ్మకేసి చూశాను. ముఖంలో నెత్తురు చుక్క లేదు. పరిగెత్తుకెళ్ళి పట్టుకోబోయి, మడి గుర్తొచ్చి నడిమధ్యలో ఆగిపోయాను. ఓదార్చడానికి ముట్టుకుందామన్నా వీల్లేకుండా, తడి జుట్టుతో, ఆ కొత్త చీరలో ఒక్కతీ నిలబడిపోయింది. కాసేపటికి తనే నడిచొచ్చి నా తల మీద చెయ్యి వేసింది. మడి పోయింది. ఇక ఆ రోజుకి పొయ్యి వెలగదని నాకు అప్పుడర్థమైంది.

ఈలోగా పాలు పోసే అప్పలనరసమ్మ వచ్చి, గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చింది. ‘‘ఏటమ్మా, పండగ పూట మీ ఇంట్లోంచి వాసన రాట్లేదేటి? ముసిలమ్మగారికి ఒంట్లో బాగునేదా?’’ అంది. అందరం తలోవైపు చూశాం. ఆవిడ భయపడిపోయి గబగబా పాలు పోసి వెళ్ళిపోయింది.

నాన్న స్కూటరు మీద స్టీలు కారియరూ, రబ్బరు బ్యాండ్లు చుట్టిన పాలిథిన్ సంచులూ తెచ్చాడు. ఉండ్రాళ్ళు అన్నీ ఒకే అచ్చులో తీసినట్టున్నాయి. మా ఇంట్లో ఎప్పుడూ ఒకటి లావుగా, ఒకటి పీలగా, ఒకటి వేలి ముద్రతో ఉండేవి. వాటిని వెండి గిన్నెలోకి మార్చి పీట మీద పెట్టారు. చందమామ నవ్వినందుకే అంత శాపం తగిలింది కదా, బజారు ఉండ్రాళ్ళు పెట్టినందుకు మాకు ఏ గతి పడుతుందోనని నేను అక్షింతలు పట్టుకుని విగ్రహం ముఖంకేసి చూస్తూ కథ విన్నాను. ఆయన తొండం పక్కకి తిప్పుకుని మామూలుగానే ఉన్నాడు.

భోజనాలప్పుడు నాయనమ్మ అమ్మని కూడా మాతో పాటు మొదటి పంక్తిలో కూర్చోమంది. పండగ నాడు అమ్మ మా అందరితో కలిసి కూర్చోవడం మేమెవరం చూడలేదు. కూర్చుంది గానీ చెయ్యి విస్తట్లోకి వెళ్ళలేదు. కన్నీళ్ళు టపటపా అన్నంలో పడుతున్నాయి.

‘‘నా వంట దేవుడికి పనికిరాదా అత్తయ్యా?’’

‘‘పిచ్చిదానా’’ అంది నాయనమ్మ. ‘‘మా అత్తగారు నా చేతిలో గరిటె పెట్టినప్పుడు నేనూ ఇలాగే పొంగిపోయేను. మళ్ళీ దింపలేకపోయేను. జ్వరాలొచ్చినా, పురుళ్ళొచ్చినా, మా అమ్మ పోయిన ఏడాదైనా దింపలేకపోయేను. వేడి బూరె ఎలా ఉంటుందో నాకు తెలీదే. నాతోటే పోనీ ఆ గరిటె.’’

అమ్మ కళ్ళు తుడుచుకుని, అత్తగారి ముఖంలోకి సూటిగా చూసి, ‘‘దింపడమో పట్టుకోవడమో నన్నడగాలి కదా’’ అంది. అమ్మ ఎదురు చెప్పడం అదే మొదలు, అదే ఆఖరు. నాయనమ్మ తల వంచుకుని, చల్లారిన బజారు బూరె తుంచి నోట్లో పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో ఆ నల్లద్దాల వెనకాల మాకు కనపడలేదు.

ఆ తరవాత పండగలన్నీ, మెల్లగా మామూలు రోజుల కూరలూ మద్దిలపాలెం నుంచే వచ్చాయి. తీరిక చిక్కిన అమ్మ మా వీధి చివర చిన్న బడిలో టీచరుగా చేరింది. సొంత సంపాదనతో నన్ను చదివించింది, పిల్లలందరితోనూ మంచి టీచరనిపించుకుంది. నాయనమ్మ చేసింది మంచే అని లోకమంతా అంటుంది, నేనూ అంటాను. ఆవిడ పోయాక ఓ చవితికి, ఇప్పుడైనా నువ్వు వండకూడదా అని అడిగితే, ‘‘గరిటె ఎవరూ ఇవ్వందే ఎలా తీసుకుంటానే?’’ అంది అమ్మ. ఇంకెప్పుడూ అడగలేదు. దండెం పోయింది, కర్ర పోయింది, ఇత్తడి గిన్నెలు పాత సామాన్లవాడికి పోయాయి. చవితి నాడు ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద ఏ తలుపు దగ్గర ఆగినా ఏ వాసనా రాదు.

ఈ ఏడు డబ్బాలన్నీ దేవుడి ముందు సర్దుతుంటే అమ్మ ‘‘ఆగు’’ అంది. కుర్చీలోంచి మెల్లగా లేచి, పులిహోర డబ్బా మీదికి వంగి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి గాలి పీల్చింది.

‘‘ఉప్పు చాల్లేదే.’’

అమ్మ కాళ్ళూ చేతులూ కడుక్కొచ్చింది, ఉప్పు డబ్బా అడిగింది. ఇంట్లో సరైన గరిటె లేక, అట్టపెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ చెంచాతోనే, మెతుకు నలగకుండా, ఒక్క మెతుకూ రుచి చూడకుండా, ఇంత ఉప్పు వేసి అడుగు నుంచి పైకి కలిపి దేవుడి ముందు పెట్టింది. నైవేద్యం అయ్యాక నేను ఓ ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ ముక్కుని అమ్మ ఎక్కడ దాచుకుందో, ఎలా దాచుకుందో!

‘‘సరిపోయిందా?’’ అంది అమ్మ. నా నోటికేసే చూస్తూ, కొత్త కోడలిలా నిలబడి ఉంది.