మా మామగారింట్లో మానిన కాలు

మా మామగారు పోయారు. పోయిన నెలలో ఒక ఉదయం, పాల ప్యాకెట్ లోపలికి తెచ్చుకుని, టీ పెట్టుకుని, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. సగం తాగారు. పేపరు ఒళ్లోనే ఉంది. ఎదురింటి సుజాత గేటు దగ్గర నుంచి ఎప్పటిలా పలకరిస్తే పలకలేదట. ఆమె ఫోను చేసేసరికి నేను మారేడ్‌పల్లిలో మా కళ్లజోళ్ల దుకాణం షట్టరు ఎత్తుతున్నాను.

“అన్నా, జెర తొందరగ రా. అంకుల్ లేస్తలేడు” అంది.

నేనూ మా ఆవిడా సైనిక్‌పురి చేరేటప్పటికి అంతా అయిపోయింది. ముఖంలో బాధ ఆనవాలు లేదు. ఎనభై దాటిన మనిషి. ఆయనకు ఉన్న భయమల్లా ఒక్కటే, మంచాన పడి ఎవరిచేతో నీళ్లు పోయించుకోవాల్సి వస్తుందేమోనని. ఆ భయం నిజం కాలేదు. ఆయన పాదాల దగ్గర కూర్చుని ఏడుస్తున్నప్పుడు కూడా, లోపల ఎక్కడో గుండె కుదుటపడ్డట్టే అనిపించింది. ఈ మాట అనవచ్చో లేదో తెలియదు. మా ఆవిడ కూడా అదే అంది కాబట్టి రాస్తున్నాను.

ఆయనకు కొడుకులు లేరు. మా ఆవిడ ఒక్కతే కూతురు. పాడె ఎత్తేటప్పుడు నేను ముందుకు వెళితే, అల్లుడు భుజం పట్టకూడదని బంధువుల్లో ఒక పెద్దాయన అడ్డుచెప్పారు. మా ఆవిడ ఏడుపు ఆపుకుని, “ఆయన్ని పట్టనివ్వండి బాబాయ్. ఆ కాలిని నిలబెట్టింది నాన్నే” అంది. ఆ పెద్దాయన పక్కకు జరిగారు. నేను భుజం పట్టాను. వీధి చివరిదాకా నడిచాను. నా కుడికాలు ఎక్కడా తడబడలేదు.

ఆ కాలి సంగతి చెబితే గాని మా మామగారు ఎలాంటివారో మీకు తెలియదు.

మాది గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. వాళ్లదీ అంతే. మామగారు సైన్యంలో లారీలు బాగుచేసే విభాగంలో పనిచేసి, రిటైరయ్యాక సైనిక్‌పురిలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. అత్తగారు పోయి చాలా కాలమైంది. తన వంట తనే వండుకునేవారు, మిరియాలు కాస్త ఎక్కువే వేసేవారు. ఫోను మోగితే ముందు జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకునేవారు, ఆ తర్వాతే ఎత్తేవారు. ఫోనులో కనబడరు కదా నాన్నా అని మా ఆవిడ ఎన్నిసార్లు నవ్వినా మానలేదు.

పెళ్లయి పాతికేళ్లు దాటినా మా ఇద్దరి మధ్య చనువు లేదు. ఆయనకు నేను “అల్లుడుగారు”, నాకు ఆయన “మామయ్యగారు”. పండక్కి కలిస్తే ఎండల గురించీ, ట్రాఫిక్ గురించీ రెండు మాటలు మాట్లాడుకుని, ఎవరి పేపరు వాళ్లు చదువుకునేవాళ్లం.

కుర్రతనంలో స్కూటర్ మీద నుంచి పడి నా కుడి చీలమండ విరిగింది. అప్పట్లో అతికింది గానీ, యాభై దాటాక ఆ కీలు అరిగిపోయింది. దుకాణంలో రోజంతా నిలబడే పని. సాయంత్రానికి మడమ పైన ఎముకా ఎముకా రాసుకుంటున్నట్టు ఉండేది. మాత్రలు, ఇంజక్షన్లు, పట్టీలు అన్నీ అయ్యాక, ఆపరేషన్ తప్పదన్నారు. అరిగిన కీలును శుభ్రం చేసి, రెండు ఎముకలనూ స్క్రూలతో కలిపి బిగిస్తారు. అవి ఒకే ఎముకగా అతుక్కుంటే నొప్పి పోతుంది. అతుక్కునేదాకా కాలు నేల మీద ఆనకూడదు.

మా ఆవిడ బడిపంతులమ్మ. పొద్దున్నే వెళితే మధ్యాహ్నం దాటాకే వస్తుంది. నన్ను పగలు ఎవరు చూస్తారా అని మేము మథనపడుతుంటే మామగారు ఫోను చేశారు.

“అల్లుడుగారిని ఇక్కడికి తీసుకురా. నేను ఖాళీగానే ఉన్నాను కదా” అన్నారు కూతురితో.

మొహమాటంతో చచ్చిపోయాను. కానీ ఇంకో దారి లేదు. ఆపరేషన్ అయ్యాక ఆస్పత్రి నుంచి నేరుగా ఆయన ముందుగదిలోని మంచం మీదికి చేరాను. మా ఆవిడ అక్కణ్ణుంచే బడికి వెళ్లివచ్చేది.

ఎవరికైనా ఇలాంటి ఆపరేషన్ అయి ఉంటే వాళ్లకు చెప్పక్కర్లేదు. కానివాళ్లకు చెబితే అర్థం కాదు. కాలు దిండ్ల మీద, గుండె కంటే ఎత్తులో పెట్టుకుని పడుకోవాలి. కాస్త దించితే రక్తమంతా అక్కడికే పరుగెత్తినట్టు కట్టు లోపల సలుపు. పొద్దున కాస్త నయం. మధ్యాహ్నం భోజనం అయ్యాక నొప్పి మెల్లగా పైకి పాకేది. మాత్ర పనిచేయడం మొదలుపెట్టేదాకా పళ్లు బిగించుకుని పడుకోవడమే.

ఆ సమయానికి మామగారు మంచం పక్కకు కుర్చీ లాక్కుని వచ్చేవారు. ఎలా ఉందని అడిగేవారు కాదు. “ఇవాళ ఇంజిన్ విప్పుదామా?” అనేవారు. నేను తలూపితే మొదలుపెట్టేవారు. ముందు మాటల్లోనే బ్యాటరీ తీగలు తీసేవారు. తర్వాత నీళ్లు వదిలేవారు. రేడియేటర్ దించి పక్కన పెట్టేవారు. ఒక్కొక్క నట్టూ చేత్తో తిప్పుతూ, విప్పిన భాగాన్ని నా దుప్పటి మీద ఒక వరుసలో పెడుతున్నట్టు చూపించేవారు. మధ్యలో, “ఇక్కడ మనవాళ్లు తొందరపడి థ్రెడ్ పాడుచేస్తారు” అని విసుక్కునేవారు. నొప్పి పోయేది కాదు, కానీ దానికి తోడు ఇంకొకటి ఉండేది. లోపలి భాగాల దాకా వచ్చేసరికి నాకు నిద్ర పట్టేసేది. తిరిగి బిగించడం నేను ఒక్కసారీ వినలేదు.

స్నానం ఇంకో కథ. కట్టుకు ప్లాస్టిక్ సంచి తొడిగి, నన్ను ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టి, ఆయన గోడ వైపు తిరిగి నిలబడేవారు. “నేను చూడటం లేదు, మీరు మొహమాటపడకండి” అని అంచనా మీద వెనక్కి చెంబెడు నీళ్లు పోసేవారు. సగం నా వీపు మీద, సగం గోడ మీద. “పడ్డాయా?” “కొంచెం ఎడమకు మామయ్యగారూ.” ఇంకో చెంబు. ఒకరోజు నీళ్లన్నీ ఆయన పంచె మీదే పడ్డాయి. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. పాతికేళ్లలో మేము కలిసి నవ్వింది అదే మొదటిసారి అనుకుంటాను.

పరామర్శకు వచ్చేవాళ్లకు ఆ ఇంట్లో ఒక నియమం ఉండేది. అయ్యో అనేవాళ్లకు టీ లేదు. సుజాత మొదటిరోజు గుమ్మంలోకి అడుగుపెడుతూనే, “అయ్యో అన్నా, గిట్లెట్లైంది నీకు!” అంది.

“నీకు చాయ్ కట్” అన్నారు మామగారు.

“ఏంది అంకుల్, పరేషానై చూడనీకొస్తే గట్లంటవ్?”

“నువ్వు అయ్యో అనగానే అతనికి నొప్పి గుర్తొస్తుందమ్మా. వేరే ఏదైనా మాట్లాడు.”

మర్నాటి నుంచి ఆమె గుమ్మంలోనే, “నేనేమంటలే, చాయ్ పెట్టు అంకుల్” అని అరిచి లోపలికి వచ్చేది. వీధిలో ఎవరి కుక్క ఎవర్ని తరిమిందో, నల్లా నీళ్లు ఎందుకు రాలేదో అన్నీ చెప్పి వెళ్లేది. మంచం మీది మనిషికి అవి ఎంత కావాలో అప్పుడే తెలిసింది.

వానలు పడుతున్న రోజుల్లో ఒక ఉదయం, వాకర్‌తో బాత్‌రూము వైపు వెళుతుంటే, కిటికీలోంచి జల్లు కొట్టి నేల తడిసి ఉంది. వాకర్ కాలు జారింది. నేను ముందుకు తూలాను. వెనక నుంచి రెండు చేతులు నడుము చుట్టూ పడ్డాయి. “ఒరేయ్, కాలు పైకెత్తరా! ఆనించకురా!” అని పెద్ద కేక. ఇద్దరం అలాగే నెమ్మదిగా నేల మీద చతికిలబడ్డాం, నా కాలు గాలిలో, ఆయన నా వెనక. కాసేపు ఇద్దరం రొప్పుతూ కూర్చున్నాం.

“తగిలిందా?” అన్నారు.

“లేదు మామయ్యగారూ.”

“నేనేదో అనేశాను. ఏమీ అనుకోకండి అల్లుడుగారూ” అన్నారు, మళ్లీ పాత గొంతుతో. నాకు మాత్రం ఆ “ఒరేయ్” చాలా రోజులు చెవిలో తియ్యగా ఉండిపోయింది. మా నాన్న పోయాక నన్ను అలా పిలిచినవాళ్లు లేరు.

తర్వాత తీసిన ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ పెదవి విరిచింది. ఎముక అతుక్కోవడం మొదలైంది గానీ చాలా నెమ్మదిగా ఉంది. ఇంకొన్ని వారాలు చూద్దాం, అప్పటికీ కాకపోతే తుంటి నుంచి ఎముక తీసి మళ్లీ ఆపరేషన్ చేయాలి అంది. ఆ రోజు జారినందువల్లా అని మామగారు రెండుసార్లు అడిగారు. కాదండీ, కొందరికి ఇలాగే ఆలస్యమవుతుంది అందామె.

ఇంటికి వచ్చి మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగాను. మామగారు పిలిచినా పలకలేదు. చివరికి, “చేయించుకోకుండా ఉండాల్సింది. కుంటుకుంటూ బతికేవాణ్ణి” అన్నాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తర్వాత మెల్లగా చెప్పారు.

“కిందటేడు మీరు వచ్చినప్పుడల్లా కారు దిగి, గేటు నుంచి గుమ్మందాకా గోడ పట్టుకుని నడిచేవారు. మధ్యలో ఆగి కళ్లు మూసుకునేవారు. గుమ్మం ముందు ముఖం తుడుచుకుని, నవ్వు తెచ్చుకుని బెల్లు కొట్టేవారు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉండేవాణ్ణి. చూశానని తెలిస్తే మీకు చిన్నతనంగా ఉంటుందని, బెల్లు కొట్టాక కూడా కాసేపు ఆగి తలుపు తీసేవాణ్ణి. అలా బతకొచ్చు అంటున్నారు మీరు. నేనైతే ఇంకోసారి చూడలేను.”

నేను ఆయన వైపు తిరిగాను. తలుపు ఆలస్యంగా తీస్తారేమిటని లోలోపల విసుక్కున్న రోజులన్నీ గుర్తొచ్చాయి.

“ఎముక మన మాట వినదు అల్లుడుగారూ. దాని పని దాన్ని చేసుకోనిద్దాం. మన పని మనం చేద్దాం. ఇప్పటికి మన పని భోంచేయడం” అని లేచారు.

ఆ వారాలు అలాగే గడిచాయి. భోంచేశాం, ఇంజిన్లు విప్పాం, నీళ్లు గోడ మీద పోసుకున్నాం. ఆదివారాలు ఆయన బూట్లతోపాటు నావీ పాలిష్ చేసేవారు, రెండూ. ఒక కాలికే కదా అంటే, “రెండోది ఏం పాపం చేసింది?” అనేవారు.

మళ్లీ ఎక్స్‌రే రోజున డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసింది. మా ఆవిడ నా భుజం పట్టుకుని ఉంది.

“అతుక్కుందండీ” అంది.

“ఇంకోసారి చెప్పమ్మా” అన్నారు మామగారు.

“ఎముక అతుక్కుంది. బాగా అతుక్కుంది.”

“ఇంకొక్కసారి.”

ఆమె నవ్వేసి మళ్లీ చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ బయట బెంచీ మీద కూర్చుండిపోయారు. నాకు ఒళ్లంతా ఎంత తేలికైందంటే, ఇంటికి వస్తూ కారులోనే నిద్రపోయాను.

అక్కడితో అయిపోలేదు లెండి. కట్టు పోయి పెద్ద బూటు వచ్చింది, బూటు పోయి చేతికర్ర వచ్చింది. సాయంత్రాలు కాలు వాచేది. చీలమండ వంగదు కాబట్టి నడక కొత్తగా నేర్చుకున్నాను. కానీ ఆ పాత నొప్పి, ఎముకా ఎముకా రాసుకునే నొప్పి, ఇక లేదు. ఇప్పుడు దుకాణంలో నిలబడి మాట్లాడుతూ మాట్లాడుతూ, ఒక్కోసారి నాకు కాలున్న సంగతే మరిచిపోతున్నాను. మీలో ఎవరైనా ఇప్పుడు దిండ్ల మీద కాలు పెట్టుకుని దీన్ని చదువుతుంటే, అలాంటి రోజు మీకూ వస్తుందని చెప్పాలని ఉంది. దానితోపాటు పక్కన కుర్చీ లాక్కుని కూర్చునే మనిషి కూడా మీకు ఉండాలని కోరుకుంటున్నాను.

మామగారిని తలచుకుంటే నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఒక సాయంత్రం. చేతికర్ర వదిలేసిన కొత్తలో, మేము మా ఇంటికి తిరిగి వెళ్లిపోవడానికి కొద్దిరోజుల ముందు. “డాబా మీద గాలి బాగుంటుంది, ఎక్కుదామా?” అన్నారు. పాతకాలపు ఇరుకు మెట్లు. ఒక పక్క గోడ ఉంది గానీ, రెండో పక్క పట్టుకోవడానికి ఏమీ లేదు. ముందు నన్ను ఎక్కమన్నారు. మంచికాలు పైమెట్టు మీద పెట్టి, రెండోది దాని పక్కకు చేర్చుకుంటూ, ఒక్కో మెట్టూ ఎక్కాను. మలుపు దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగి వెనక్కి చూశాను.

ఆయన రెండు మెట్లు కింద ఉన్నారు. ఒక చేయి గోడకు ఆనించి, రెండో చేయి ఖాళీ వైపు చాచి, నేను పడితే పట్టుకోవడానికి సిద్ధంగా నిలబడి ఉన్నారు. నేను ఆయనకు రెండింతలు బరువుంటాను. పడితే ఆయన ఆపలేరు, ఇద్దరం కలిసే దొర్లుతాం. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

“వెనక్కి తిరక్కండి, ముందు చూసుకోండి” అన్నారు. ఆయాసపడుతున్నారు. చేతులు మాత్రం దించలేదు.