కమ్షాత్ గౌరవించిన ట్యాంకర్ మనిషి

కొస్తనాయ్ పట్నం అవతల ఆ గోధుమ కమతంలో డీజిల్ పెత్తనం ఇరవై రెండేళ్లుగా కమ్షాత్‌దే. ఆమె నవ్వు చూసినవాళ్లు తక్కువ. ఆమె చేత తిట్లు తినని ట్యాంకర్ మనిషి లేడు. కిందటేడు నీళ్లు కలిసిన డీజిల్ తాగి కోత మిషన్ పంపు చచ్చింది. కొత్తది వచ్చేలోగా మంచు పడి, కోయని పంట నేలపాలైంది. ఈసారి మూడు రోజుల్లోనే మంచు పడుతుందంటున్నారు. మిషన్ల ట్యాంకులు ఖాళీ.

చుట్టుపక్కల డీజిల్ అమ్మేవాళ్లు ముగ్గురు. ఒకడు ఫోనెత్తలేదు. ఒకడు వచ్చే వారమన్నాడు. మూడోవాడు తొక్తార్, ఆరు టన్నులు తనే తోలుకొచ్చి, బండి దిగకుండానే గొట్టం తగిలించమన్నాడు.

"గంట ఆగు. తేరుకోనీ," అంది కమ్షాత్. గతుకుల్లో కుదిపిన డీజిల్‌లో నీళ్లు కనబడవు. కదలకుండా ఉంచితే అడుక్కి దిగుతాయి.

"కుదర్దక్కా. ఇంకా మూడూళ్లు తిరగాలి. దించుకుంటావా, పొమ్మంటావా?"

"మీ నాన్నా ఇలాగే ఉరికేవాడు. ఏం బావుకున్నాడు?"

"మా నాన్న జోలికి రాకు!" ఇంజన్ స్టార్ట్ చేశాడు.

కమ్షాత్ రొట్టె పళ్లెం తెచ్చి కిటికీ దాకా ఎత్తింది. ఆ మైదానంలో ఎంత పగవాడైనా ఎదురొచ్చిన రొట్టె ముట్టకుండా కదలడు. తొక్తార్ పళ్లు కొరుకుతూ తుంచుకున్నాడు.

"బండెక్కి తింటావా? రొట్టెకి ఆ మాత్రం విలువ లేదూ?"

ఇంజన్ ఆపి దిగాడు. రొట్టె తర్వాత టీ. అక్కడ గిన్నె నిండా పోస్తే ఇక లెమ్మని అర్థం. గౌరవం ఉంటే రెండేసి గుక్కలే, మళ్లీ మళ్లీ పోస్తారు. కమ్షాత్ అతన్ని పద్నాలుగు గిన్నెలు గౌరవించింది. తగాదాలు తీర్చిన విందుల గురించి పుస్తకాలకు కొదవ లేదు గానీ, కోపాన్ని గంటసేపు సన్నసెగ మీద కాచిన టీ గురించి ఎవరూ రాసినట్టు లేరు.

"పాలు తక్కువయ్యాయి," అన్నాడు తొక్తార్.

"నీ డీజిల్‌లో ఏం ఎక్కువయ్యాయో చూద్దాం, తాగు."

గంట కాగానే వెళ్లి ట్యాంకర్ అడుగు కొళాయి తిప్పింది. నీళ్లు. ఒక బకెట్ నిండింది, రెండోదీ నిండింది. మూడోది సగమయ్యాక గాని డీజిల్ రాలేదు.

"డిపోలో కలిపుంటారు. నాకేం తెలుసు?"

"నువ్వు కలిపావని నేనన్నానా? నీ మొహమే అంటోంది."

"ఇంకెప్పుడూ నీకు చుక్క తేను!"

"దున్నకానికి వచ్చే నెల ఇంకో ఆరు టన్నులు కావాలి. గంట ముందే బయల్దేరు."

మిగిలిన డీజిల్ దించేశాక అతను ఉమ్మేసి బండెక్కాడు. కమ్షాత్ అప్పటికే మిషన్ల వైపు నడుస్తూ, ఇంకా ఎందుకు నిలబడ్డారని డ్రైవర్ల మీద విరుచుకుపడుతోంది.