బ్యాండోళ్ళ ఫొటోలు తీసిన అజీజా

కొత్తకోట బస్టాండు ఎదురుగా, పంక్చర్ దుకాణానికీ చాయ్ హోటల్‌కూ మధ్య ఇరుక్కుని ఉండేది సర్దార్ ఫొటో స్టూడియో. బోర్డు మీద పేరు సర్దార్‌దే అయినా, అక్కడ తీసిన ప్రతి ఫొటోనూ అందరికంటే ముందు చూసేది ఆయన భార్య అజీజా బేగం. దుకాణం వెనకే ఇల్లు. ఒకప్పుడు కట్టెలు వేసుకున్న చిన్న గదిని ఫొటోలు కడిగే చీకటి గదిగా మార్చుకున్నారు. పెళ్ళయిన కొత్తలో "జర ఆ తట్ట అందియ్యి" అని మొదలుపెట్టిన సర్దార్, కొంతకాలానికి కడిగే పనంతా ఆమెకే వదిలేశాడు. ఎర్ర బల్బు వెలుతురులో, మందు నీళ్ళలో మునిగిన తెల్ల కాగితం మీద ఒక ముక్కు, ఒక మీసం, ఒక పూలదండ మెల్లగా తేలి వస్తుంటే అజీజాకు ఎన్నిసార్లు చూసినా ముచ్చటే.

పరదా పాటించే ఇళ్ళ ఆడవాళ్ళు మగవాళ్ళ ముందు ముసుగు తీయరు. వాళ్ళ కోసం అజీజా ఫొటోలు తీయడం కూడా నేర్చుకుంది. స్టూడియో తలుపు వేసి, తెర ముందు కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని కొంచెం పక్కకు తిప్పి, "నవ్వకు అక్కా, నవ్వు ఆపుకుంటున్నట్టు ఉండు" అనేది. అంతే, వాళ్ళకు నిజంగానే నవ్వు వచ్చేది. ఆ క్షణంలో నొక్కేది.

పెళ్ళి ఫొటోలు కడిగేటప్పుడు మాత్రం ఒక సంగతి ఆమె కంట్లో నలుసులా పడేది. పెళ్ళికొడుకు నిండుగా ఉండేవాడు. అంచున ఒక సగం మనిషి, ఒక బూర మూతి, డోలు మీదికి లేచిన ఒక చెయ్యి.

"బ్యాండోళ్ళను ఎందుకు గిట్ల కోస్తవు?" అని ఒకసారి మొగుణ్ణి అడిగింది.

"వాళ్ళ ఫొటో ఎవరడుగుతరు?" అన్నాడు సర్దార్. ఆయన చెడ్డవాడేం కాదు. ఆ ప్రశ్న ఆయనకు తట్టలేదు, అంతే.

ఎనభై ఎనిమిది ఎండాకాలంలో ఊరి యువజన సంఘం వాళ్ళు పోటీలతో బ్యాండు మేళాల జాతర పెట్టారు. సంఘం కార్యదర్శి ఐలేశానికి అలాంటి ఆలోచనలు బాగా పుట్టేవి. పల్లికాయ పీకేసిన ఒక చేనును చదును చేయించి, రెండు ట్రాక్టర్ ట్రాలీలను కలిపి స్టేజీ కట్టించాడు. వనపర్తి, గద్వాల, నల్లగొండ వైపు నుంచి కూడా మేళాలు వస్తున్నాయని ఊరంతా చెప్పుకున్నాడు. ఫొటోలకు సర్దార్‌ను ఎప్పుడో మాట్లాడుకున్నాడు. కానీ జాతర ఇంకో వారం ఉందనగా సర్దార్ స్కూటర్ మీద నుంచి పడి కుడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

సిమెంటు కట్టుతో మంచం మీద కూర్చున్న ఆయన్ను చూసి ఐలేశం నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఇప్పుడెట్ల సర్దార్ భాయ్? గీ టైముల ఇంకెవరు దొరుకుతరు?"

తలుపు చాటు నుంచి అజీజా అంది: "నేను తీస్త."

సర్దార్ తల్లి లాడ్లీ బేగం మూలన కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. ఐదు పూటలా నమాజు తప్పని మనిషి. ఆమె ఏమంటుందోనని కొడుకు అటే చూశాడు. ఆమె అడకత్తెర పక్కన పెట్టి, "గన్నేండ్ల సంది చీకట్ల కూసొని మొగోళ్ళ మొకాలు కడుగుతాంది, గప్పుడు లేని తప్పు ఎండల నిలబడి తీస్తె వస్తదా? పోనియ్యి. ఎండకు నెత్తి మీద తడిబట్ట ఏసుకొమ్మను" అంది.

ఐలేశం మెల్లగా నవ్వి, "సరే భాభీ. కానీ ఒక్క రీలు మాత్రం ఆఖరుకు దాసిపెట్టు. ప్రైజులిచ్చెటప్పుడు ఎమ్మెల్యే పెద్దసారు వస్తడు. గా ఫొటోలు లేకపోతె నా బతుకు పోతది" అని చెప్పి వెళ్ళాడు.

జాతర నాడు మధ్యాహ్నం నుంచే చేను నిండిపోయింది. బురఖా ముసుగు నెత్తి మీదికి ఎత్తుకుని, మెడలో కెమెరాతో నడిచొస్తున్న అజీజాను చూసి ఎవరో ఈల వేశారు. ఎవరో "ఫొటో గామెనా తీసేది?" అని పకపకా నవ్వారు. స్టూడియోలో తను ఎటు తిప్పితే అటు తిరిగే మొహాలు తప్ప ఇంత ఎండ, ఇంత ధూళి, ఇంతమంది కదలాడే మనుషులు ఆమెకు కొత్త. మొదట్లో తీసినవి ఏమొచ్చాయో ఆమెకే తెలియదు.

స్టేజీ పక్కన వంతు కోసం ఎదురుచూస్తోంది గుర్వయ్య మేళం. గుర్వయ్య క్లారినెట్టు వాయించేవాడు. చుట్టుపక్కల ఆయన వాయించని పెళ్ళి లేదు. ఎర్ర కోటు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు. కెమెరా తమవైపు తిరగగానే మేళమంతా వాద్యాలు కిందికి దించి, పోలీసు పరేడులా బిగుసుకుపోయి వరుసలో నిలబడింది.

అజీజాకు నవ్వొచ్చింది, దాంతోపాటే ధైర్యమూ వచ్చింది. "అన్నా, గట్ల కట్టెల తీర్గ నిలబడితె ఫొటోల పాట ఏడుంటది? వాయించుండ్రి. నేను లేననుకోండ్రి."

"మాకు అలవాటు లేదు చెల్లె," అన్నాడు గుర్వయ్య సిగ్గుపడుతూ. "మా దిక్కు ఎవరూ తిప్పరు గద కెమెరా."

అయినా వాయించారు. బుగ్గలు పూరీల్లా పొంగాయి. డోలు కొట్టే మనిషి కళ్ళు మూసుకున్నాడు. అజీజా మోకాళ్ళ మీద కూర్చుని వాళ్ళ మొహాలు తీసింది. ఎండ, ధూళి, ఈలలు అన్నీ మరిచిపోయింది.

సాయంత్రం పూట కొల్లాపూర్ పిల్లల వంతు వచ్చింది. ఆ పార్టీ పేరు వేకువచుక్క. చర్చిలో పాడుకుంటూ పెరిగిన ఇస్రాయేలు అనే యువకుడు, ఇద్దరు స్నేహితులను కలుపుకుని పెట్టాడు. భుజాల దాకా జుట్టు, కరెంటు గిటారు, డ్రమ్ములు. రాక్ పాట అంటే ఏమిటో చేను నిండా ఉన్నవాళ్ళలో తెలిసినవాళ్ళు తక్కువ. తీగ మీటగానే స్పీకర్లలోంచి వచ్చిన మోతకు చెట్టు కింద కట్టేసిన ఎడ్లు తాళ్ళు తెంపుకోబోయాయి. జనం ముందు ఉలిక్కిపడ్డారు, తర్వాత అరుపులతో ముందుకు తోసుకొచ్చారు.

సరిగ్గా అప్పుడే దుమారం లేచింది. ఎర్రమట్టి గాలి చేను మీదుగా సుడులు తిరుగుతూ వచ్చి షామియానాను ఎగరేసింది. జనరేటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మైకు మూగబోయింది. ఇస్రాయేలు గిటారు చెవి దగ్గర దోమ గుయ్‌మన్నంత సన్నగా టింగుమంది. జనం నవ్వారు. "దిగు దిగు" అని కేకలు, ఈలలు. ఆ పిల్లవాడు గిటారు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పెదవులు వణుకుతున్నాయి.

అజీజా కెమెరాలో ఆ మొహం దగ్గరగా కనిపిస్తోంది. వేలు మీట మీదే ఉంది. నొక్కలేదు. కెమెరా దించేసింది.

అప్పటికి తన వంతు ముగించుకుని స్టేజీ పక్కన నీళ్ళు తాగుతున్న గుర్వయ్య చెంబు కింద పెట్టి ట్రాలీ ఎక్కాడు. పోటీలో ఉన్న మనిషి. ఊరుకుంటే ఎదుటి పార్టీ దానంతటదే పోతుంది. ఆయన ఇస్రాయేలు దగ్గరికి వెళ్ళి, "పిలగా, ఫికర్ చెయ్యకు. నీ పాట ఏ సుతిల ఉన్నది? ఒకసారి తీగ మీటు" అన్నాడు.

ఇస్రాయేలు మీటాడు. గుర్వయ్య చెవి ఆనించి విన్నాడు. క్లారినెట్టు పెదవులకు పెట్టి అదే వరసను ఎత్తుకున్నాడు. ఒక్కొక్కరుగా ఆయన మేళం వాళ్ళూ పైకెక్కారు. డ్రమ్ములకు కరెంటు అక్కర్లేదు కదా, అవీ కలిశాయి. ఇస్రాయేలు గిటారు వీపుకు వేసుకుని మైకు లేకుండానే గొంతెత్తాడు. పెళ్ళి బూరలూ ఆ కొత్త పాటా కలిసి ఎక్కడా వినని ఒక మోత పుట్టింది. ఈలలు వేసినవాళ్ళే తువ్వాళ్ళు తిప్పుతూ ఎగరసాగారు.

అజీజా ట్రాక్టర్ చక్రం మీది రేకు పైకి ఎక్కింది. గాలికి ముసుగు వెనక్కి ఎగిరిపోతున్నా పట్టించుకోలేదు. ఎర్రటి ధూళిలో ఎర్ర కోట్లు, జుట్టు ఎగురుతున్న కుర్రవాళ్ళు, ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుంటూ వాయిస్తున్న గుర్వయ్య, ఇస్రాయేలు. రీలు అయిపోయింది. సంచిలో ఉన్నది దాచమన్న రీలే. ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా తీసి ఎక్కించింది. అదీ అయిపోయింది.

పెద్దసారు వచ్చి దండ వేయించుకుని, ప్రైజులు పంచి, కెమెరా వైపు చిరునవ్వు నవ్వాడు. అజీజా ఐలేశాన్ని పక్కకు పిలిచి ఉన్న సంగతి చెప్పేసింది. ఐలేశం నేల మీద కూర్చున్నంత పని చేశాడు.

"గట్లెట్ల చేసినవు భాభీ! రేపు నాకు మొకం ఏడుంటది?"

"తప్పు నాదే అన్నా. కాని గా పాట మళ్ళ రాదు. పెద్దసారు మళ్ళ వస్తడు."

మర్నాడు కడిగిన ఫొటోలను స్టూడియోలో తాడుకు క్లిప్పులు పెట్టి ఆరేసింది. సర్దార్ కట్టు కట్టిన చేత్తో ఒక్కొక్కటి చూస్తూ వెళ్ళాడు. చెయ్యి కదిలి కొన్ని చెదిరాయి, కొన్ని మసకబారాయి. దుమారంలో తీసిన వాటి దగ్గర ఆగిపోయాడు. "నేనైతె గాలి లేవంగనే కెమెరా సంచిల పెట్టుకొని ఉరుకుతుంటి" అన్నాడు. అంతకంటే పెద్ద మెప్పు ఆయన నోటి నుంచి ఆమె ఎన్నడూ వినలేదు.

ఐలేశం కోపంగానే వచ్చాడు. వెతగ్గా వెతగ్గా ఒక ఫొటోలో, బూర ఊదుతున్న మనిషి మోచేతి కింద, అప్పుడే జీపు దిగుతున్న పెద్దసారు మొహం సగం దొరికింది. "గిదన్న దొరికింది, సాలు" అని దాన్ని పట్టుకుని పోబోయి, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "గా గుర్వయ్యది నాకు గూడ ఒకటి ఇయ్యి భాభీ" అన్నాడు.

ఆ తర్వాత మేళాల వాళ్ళు స్టూడియో వెతుక్కుంటూ రాసాగారు. జాతర ప్రతి ఏటా జరిగింది. అజీజా ప్రతిసారీ వెళ్ళింది. చెయ్యి నయమయ్యాక సర్దార్ సంచి మోస్తూ వెంట నడిచేవాడు. స్టేజీ మీది పెద్దమనుషుల ఫొటోలు ఆయన తీసేవాడు, వాయించే వాళ్ళవి ఆమె. ఇస్రాయేలు పార్టీ ఎక్కువ కాలం నిలవలేదు. అతనికి చౌటుప్పల్‌లో ఒక ఫ్యాక్టరీలో పని దొరికింది. కర్నూలు బస్సెక్కినప్పుడల్లా కొత్తకోటలో దిగి, చాయ్ తాగి, "అక్కా, బాగున్నవా?" అని పలకరించి పోయేవాడు.

తొంభై నాలుగులో ఒక మధ్యాహ్నం గుర్వయ్య తన భార్య జానమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ముందు పళ్ళు ఊగుతున్నాయట. పళ్ళు పోతే క్లారినెట్టు పట్టు దొరకదు. వచ్చే పెళ్ళిళ్ళ నుంచి మానేస్తున్నాడు.

జానమ్మ స్టూడియోలో బల్ల మీద కూర్చుని అజీజాతో అంది: "మా ఇంట్ల నువ్వు తీసిన ఫొటో ఉన్నది బీబీ. అందరి పెండ్లిళ్ళల్ల వాయించిండు గని, నేను ఒక్కనాడు సూడలే. ఇంట్ల వాయిస్తె గోడ దిక్కు తిరిగి వాయిస్తడు, సిగ్గు. గా ఫొటోల మొకమే నాకెరుక. ఇప్పుడు పండ్లు పోకముందు ఒకసారి కండ్లతోని సూస్తనంటె తోలుకచ్చిండు."

"ఇంట్ల సూడొచ్చు గదనే," అని గొణిగాడు గుర్వయ్య.

"ఈమె ముందట అయితెనే నీకు సిగ్గు ఉండదట."

అజీజా తెర ముందు దీపాలు వేసింది. గుర్వయ్య చొక్కా సర్దుకుని, గొంతు సవరించుకుని, కొంచెంసేపు ఎటూ కాకుండా చూసి, చివరికి భార్య వైపు తిరిగి వాయించాడు. ఊగే పళ్ళ వల్ల ఒకటి రెండు స్వరాలు జారాయి. చాయ్ హోటల్‌లోని వాళ్ళు గ్లాసులతో సహా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. జానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ, రెప్ప వేయకుండా ఆయన మొహమే చూస్తోంది.

అజీజా కెమెరాను జానమ్మ వైపు తిప్పింది.