ఎదురు మర లేని హబ్బు

“ఏమప్పా బాషా, కొత్త హబ్బు వేయమంటే ఈ పాత ముక్క ఎందుకు తగిలించినావు?”

“అవ్వ తెచ్చిచ్చింది అన్నా. నేను వద్దనే చెప్పినా. అవ్వనే అడుగు.”

“మా అమ్మ మీదికి తోస్తాండావా?” అని నా కొడుకు నా వైపు తిరిగాడు. “నువ్వు ఇచ్చినావామ్మా?”

“నేను యాడ ఇచ్చినా? పాతది వాడే వేసి, నా పేరు చెప్తాండాడు.”

అంతే నేనన్నది. ఆసుపత్రి వరండాలో అన్న ఆ మాటను ఇన్నేండ్లుగా మోస్తున్నాను. అప్పుడు లోపల నా మనవరాలు సుధ భుజం ఎముక విరిగి పడుకొని ఉంది. ఈ తిరుగు రైల్లో నా పక్కన కూర్చున్న నువ్వెవరో నాకు తెలియదు. అందుకే నీకు చెప్పగలుగుతున్నాను.

బాషా హిందూపురంలో మా వీధి చివర సైకిళ్లు బాగుచేసేవాడు. సుధకు ఫిక్స్‌డ్ సైకిల్ మీద మనసు పడింది. ఆ సైకిల్‌కు చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరగాల్సిందే, కాళ్లు ఊరికే పెట్టుకోవడానికి లేదు. వెనక్కి నొక్కితే ఆగుతుంది. ఆ భారమంతా వెనక చక్రం నడుమ ఉండే హబ్బు మీద పడుతుంది. బాషా నాకు విడమరచి చెప్పాడు. పళ్లచక్రం బిగించే మర ఒకటి, దాని పక్కనే ఎదురు దిక్కుకు తిరిగే మర ఇంకొకటి ఉండాలి. ఆ రెండో మర మీద రింగు బిగిస్తే, వెనక్కి ఎంత నొక్కినా పళ్లచక్రం ఊడిరాదు. మన రోడ్ల దుమ్ముకు బేరింగులు మూసినవైతేనే మన్నుతాయి.

అతను చూపిన కొత్త హబ్బును చేతిలోకి తీసుకున్నాను. తేలిక. చిల్లర అంగడిలో తూకం వేసి బతికినదాన్ని, చెంబు కొన్నా బరువు చూసే కొన్నాను. బరువు లేనిది గట్టిదని ఎట్లా నమ్మేది? మా ఆయన పాత సైకిల్ హబ్బు అటక మీద ఉంది. ఇనుముది. దించి, కిరసనాయిలుతో తుడిచి తీసుకుపోయాను. బాషా తిప్పి చూసి, దీనికి ఎదురు మర లేదు, నేను వేయనన్నాడు. పిల్ల నాయనే వేయమన్నాడని చెప్పాను. నా కొడుకు పేరు చెప్పాకే వేశాడు. సుధ ఆ సైకిల్ సంగతులు అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. బాషా ఏరి ఇచ్చిన హబ్బు ఇదేనని నేనంటే నమ్మింది.

పెనుకొండ దగ్గర దిగుడులో వెనక్కి నొక్కింది. పళ్లచక్రం ఊడి, పెడల్ ఉత్తినే తిరిగింది. చెయ్యి ముందు బ్రేకు అందుకునేలోపే పడిపోయింది.

తెలియక చేశానా? బడికి పోయింది కొంచెమే, మరల సంగతి నాకేం తెలుసని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఆ వరండాలో బాషా నా ముఖం చూస్తూ నిలబడ్డాడు. నేను నిజం చెబుతానని ఎదురుచూస్తున్నాడు. అది తెలియడానికి ఏ చదువు కావాలి? మా ఇంట్లో నా మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు, ఆ పెద్దరికం ఎక్కడ పోతుందోనని ఒకడి పేరు చెడగొట్టాను. మా వీధివాళ్లు అతనికి సైకిళ్లు ఇవ్వడం మానేశారు. అంగడి ఎత్తేసి ధర్మవరం పోయాడు. పోయేముందు మా గడప తొక్కలేదు. తొక్కి ఉంటే చెప్పేదాన్నా? ఏమో. చెప్పేదాన్ని కానేమో.

నిన్న సాయంత్రం సుధ ఇంకో హబ్బు కొనుక్కొచ్చి నా ఒడిలో పెట్టింది. రెండు మరలు, మూసిన బేరింగులు, ఉక్కు ఇరుసు. అన్నీ తనే చూసి ఏరుకుంది.

“ఈసారి చక్రం నేనే కట్టుకుంటా అవ్వా. ఆ బాషాలాంటి దొంగోని చేతికి ఇయ్యను,” అంది.

ఆ మాట ఆ పిల్ల నోట విని ఊరుకోలేకపోయాను.

“దొంగ వాడు కాదు. నేను,” అన్నాను.

అంతా చెప్పాను. చెప్పాక చాలాకాలానికి ఊపిరి లోపలిదాకా పోయినట్టనిపించింది. సుధ నా ఒడిలోని హబ్బు తీసుకొని గదిలోకి పోయింది.

తెల్లవారి కొడుక్కి చెప్పాను. వాడు తినేది వదిలేసి మా అంగడికి పోయాడు. నేను ధర్మవరం రైలెక్కాను. అడుగుతూ వెతుక్కుంటూ పోతే, బాషా అంగడి దగ్గర నలుగురు కూర్చుని ఉన్నారు. ఆ హబ్బు ఇచ్చింది నేను, అబద్ధమాడింది నేను అని వాళ్ల ముందే చెప్పాను. బాషా చేతిలో పానా పట్టుకొని విన్నాడు. నన్ను కూర్చోమనలేదు. వంగి, ముందున్న చక్రం విప్పడం మొదలుపెట్టాడు.