పాత బ్యాటరీలు కొనే ఆయన

కల్లూరులో మా వీధికి పాత బ్యాటరీలు కొనడానికి ఒకాయన వచ్చేవాడు. వాటిని పగలగొట్టి, సీసం కరిగించి, మళ్లీ బ్యాటరీలు చేసేవాళ్లకు అమ్మేవాడు. ఒక్కసారి ఎత్తి చూసి లోపల ఎంత సీసముందో చెప్పేవాడు. పిల్లలు కనబడితే మాత్రం రెండు చేతులూ వీపు వెనక దాచుకునేవాడు.

ఆయన మా పాత ఇన్వర్టర్ బ్యాటరీ కొన్న రోజు, "సీసం తీసుకున్నాక ఆ డబ్బా నాకీయప్పా, పుదీనా వేసుకుంటా," అన్నాను.

"వద్దుమ్మా. తినేది దాంట్లో పెంచగూడదు."

ఇంతలో మా పాప పాకుతూ ఆయన కాళ్ల దగ్గరికి వెళ్లింది. ఆయన గబుక్కున వెనక్కి జరిగాడు.

"ఎత్తుకోప్పా, కరవదులే," అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. "సీసం తీసేది చిన్నప్పుడే నేర్చుకుంటి. చేతులు కడుక్కునేది శానా ఆలస్యంగా నేర్చుకుంటిమ్మా. నా బిడ్డ ఉయ్యాల పక్కనే కరిగిస్తాంటి. అది విషమని ఎవురూ చెప్పల్యా. వానికిప్పుడు పదేండ్లు. ఇంగా నాయనా అనల్యా."

వెళ్తూ వెళ్తూ మా బ్యాటరీ ఉన్న మూల చూపించాడు. "ఆ బండలు బాగా కడుగు."

మూడుసార్లు కడిగాను. కానీ అంతకుముందు పాప ఆ మూలన ఎన్నిసార్లు పాకిందో, ఆ వేళ్లు ఎన్నిసార్లు నోట్లో పెట్టుకుందో ఎవరు చెప్పగలరు?

ఏడాదిన్నర తర్వాత చివరిసారి వచ్చినప్పుడు, ఆయన గేటు బయటినుంచే అడిగాడు.

"పాప మాట్లాడతాందామ్మా?"

"ఓ, శానా మాట్లాడతాందప్పా," అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. నా కొంగు పట్టుకుని పాప ఆయన్నే చూస్తోంది. అప్పటికి దాని నోట ఒక్క మాటా రాలేదు. ఇంకా రాలేదు.