చీటీ లేని కట్ట

ఈ ఉదయం చిమిండైంగ్ బజారులో ఎవరో మైదా జిగురు ఉడికిస్తున్నారు. ఆ పుల్లటి వాసనకు ఊ గురువులు తాత గుర్తొచ్చారు; పెద్దవాళ్ల పేరు ముందు ఇక్కడ 'ఊ' అంటారు. లత పేటలో అచ్చు కాగితాలు మడిచి పుస్తకాలు కుట్టే చిన్న కొట్టు ఆయనది. అక్కడ చేరేటప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు ఇంటికెళ్లి డైరీలో రాసుకునే రకాన్ని. అది కనిపెట్టి, తాత పనంతా చేత్తోనే చూపించేవారు.

మడిచిన ప్రతి కట్టలోనూ మడిచినవాళ్ల పేరుతో చీటీ పెట్టాలన్నది కొట్టు నియమం. అది ఆయన తండ్రి నుంచి వచ్చింది. యుద్ధకాలంలో, సైనికులను విమానాల నుంచి దూకించడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న రోజుల్లో, ఆ తండ్రి ఇండియాలోని ఒక శిబిరంలో పారాచూట్లు మడిచేవారట. ప్రతిదానికీ ఒక కార్డు, దాని మీద మడిచినవాడి సంతకం. భార్యతో పోట్లాడిన రోజున మాత్రం ఆయన పారాచూట్ ముట్టుకునేవారు కాదట.

ఆ కబుర్లన్నీ తాత చిన్న పుస్తకంగా రాశారు. మర్నాడే మా తెలుగువాళ్ల సభలో పంచాలి. నా వంతు కాగితాలన్నీ మడిచాక చూస్తే, మడత తిరగబడింది. సైనికుడు ముందు పేజీలో దూకేశాడు; పారాచూట్‌ను తెరిచే తాడును ఆ తర్వాతి పేజీలో విమానానికి తగిలించాడు. భయంతో నా చీటీ తీసి సంచిలోని డైరీలో దాచేశాను.

పనిచేసేది నేనూ తవిటమ్మత్తా ఇద్దరమే. అత్త కట్టల్లో చీటీలున్నాయి. తాత చీటీ లేని కట్టను నా బల్ల మీద పెట్టి, టీకి వెళ్లిపోయారు. ఉద్యోగం పోయిందనుకున్నాను. చీటీ తీసి, పేరు కింద 'తప్పు నాదే' అని రాసి, కట్టలో పెట్టాను.

తిరిగొచ్చి చదివారు. "గాల్లో ఎవులూ ఏలాడ్డం నేదు గదే పిల్లా. ఇప్పీసి మళ్లీ మడత పెట్టు" అన్నారు.

ముగ్గురం కూర్చుని మడుస్తుంటే ఇంకో సంగతి చెప్పారు. ఒకసారి తండ్రి మడిచిన పారాచూట్ ఆలస్యంగా తెరుచుకుందట. ఆ సైనికుడు కుంటుకుంటూ కార్డు పట్టుకుని వచ్చాడు. దెబ్బలు తప్పవనుకుంటూనే తండ్రి "నేనే" అన్నారు. ఇకమీదట తనది ఈయనే మడవాలని చెప్పి అతను వెళ్లిపోయాడు.

"అంత బయపడినోడి సేతికన్నా గట్టి సెయ్యి ఏటుంటాది?" అన్నారు తాత. మర్నాటి నుంచి ప్రతి పుస్తకంలో మొదటి కాగితం నన్నే మడవమన్నారు.

పోయిన వానాకాలంలో తాత వెళ్లిపోయారు. ఇప్పుడు నేను వేరే చోట పనిచేస్తున్నాను. అక్కడ చీటీ ఎవరూ అడగరు. నేను పెడుతూనే ఉన్నాను.